తోక లేవనూ కూడదు, పడనూ కూడదు

విమానం తోక కింద కర్ర పెట్టింది జగన్నాధమే. తోక పడిన రోజు ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు ఎక్కువ మండింది.

నెల్లిమర్ల అవతల, మూతబడిన బియ్యం మిల్లు షెడ్డులో మేనల్లుడు దేవేంద్ర ఇద్దరు పట్టే విమానం కడుతున్నాడు. నాలుగేళ్ల పని. రెక్కల కింద రెండు చక్రాలు, ముక్కు కింద ఒకటి. ఇంజను ఇంకా ఎక్కించలేదు కాబట్టి బరువంతా వెనకే. ఊతం లేకపోతే తోక నేలకు ఆనుతుంది. ముప్పై ఏళ్లు ఎడ్లబండి తోలిన జగన్నాధం, ఎడ్లను విప్పాక బండి కాడి కింద కర్ర నిలబెట్టినట్టే ఇక్కడా నిలబెట్టాడు. మర బిగించడానికి దేవేంద్ర ముక్కు మీద వాలాడు. ముక్కు దిగింది, తోక లేచింది, కర్ర జారిపోయింది. అతను లేవగానే తోక ధబ్బుమని నేలను కొట్టింది.

నొక్కుకుపోయిన రేకు మార్చడానికి నెల పట్టింది. లోపలి చట్రం ఈసారికి బతికింది. మళ్లీ పడితే బతకదు. వెనక భాగమంతా మొదటినుంచీ కట్టాలి.

రేకు పని అయిన మర్నాడే ఇంజను ఎక్కించాలి.

“ఇనప స్టాండు కొనీద్దాం మావా,” అన్నాడు దేవేంద్ర.

“ఇనపదైతే ఏటిరా? తోక లేస్తే అదీ పడిపోద్ది.”

బండి వెనక బస్తాలు వేసేటప్పుడు కాడి లేవకుండా దానిమీద మనిషిని కూర్చోబెట్టాలని ఆయనకు తెలియదా? తెలుసు. ఇక్కడ ఎడ్లూ లేవు, కాడీ లేదు. బుర్రకు తట్టలేదు, అంతే.

పొద్దున్నే నాలుగు కాళ్లూ ఎడంగా చాపి, కాళ్ల మధ్య అడుగున ఒక చెక్క కొట్టిన బల్ల ఒకటి చేశాడు. రేకు మీద వేళ్లతో కొట్టుకుంటూ వెళ్లి, లోపల చట్రం ఉన్నచోట సుద్దతో గీత పెట్టాడు. సరిగ్గా ఆ గీత కిందికి బల్లను జరిపి, మధ్యలో గోనె మడతలు వేశాడు. ఆయన భార్య తాయారు దబ్బనంతో ఇసక బస్తాల మూతులు కుడుతోంది.

“ఎడ్లని కట్టీవోడివి, ముసిల్తనంలో తోకని కడతన్నావా?”

“కడతాను. నువ్వు నోరు మూసుకుని గోనె కుట్టు.”

“నాను నోరు మూస్తే నీకు బుద్ధి ఎవులు సెప్తారు?”

బల్ల అడుగు చెక్కమీద నాలుగు బస్తాలు పేర్చి, తోక మీదుగా వెడల్పు పట్టా వేసి బల్లకు బిగించాడు. దేవేంద్రను ముక్కు మీద వాలమన్నాడు. బల్ల కాలు ఒకటి నేల నుంచి వేలెడు లేచింది.

“సాల్లేదు,” అన్నాడు జగన్నాధం.

“సాల్లే మావా, వేలెడే కదా!”

“నాను ఒప్పుకోను. ఇంకో రెండు బస్తాలు కుట్టవే.”

ఈసారి దేవేంద్ర ఎంత వాలినా కాళ్లు నేలను వదల్లేదు. గొలుసు కప్పీతో ఇంజను ఎత్తి ముక్కులోకి దించారు. మరలు బిగించి గొలుసు వదిలేసరికి ముక్కు కిందికి లాగింది. తోక మీద పట్టా తీగలా బిగుసుకుంది. బల్ల కదల్లేదు. ముందు చక్రం నేలమీద ఆనింది.

“ఇంక పట్టా ఇప్పీవొచ్చు,” అన్నాడు దేవేంద్ర.

“ముందు సీటెక్కు. మనిసెక్కితే తోక ఎటెల్తాదో సూడాల.”

అతను ఎక్కి కూర్చున్నాడు. జగన్నాధం నేలమీద బోర్లా పడుకుని బల్ల కాళ్లనే చూస్తున్నాడు.

“అయిపోనాదా మావా?”

“అవలేదు. దిగి, మళ్లీ ఎక్కు.”