సూది మొన

సినిమా వాళ్ళు వచ్చినప్పుడు కుట్లక్క తలుపు సగమే తీసింది. వచ్చింది కళాదర్శకుడూ, అతని సహాయకురాలూ. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఆకాశానికి వెళ్ళి, ఎండతో కరెంటు తయారుచేసే రెక్క ఒకటి తెరుచుకోక మూడు రోజులపాటు అందరి ప్రాణాలూ తోడేసిన నౌక మీద సినిమా తీస్తున్నామన్నారు. ఆ నౌకకు బంగారు రంగు దుప్పట్లు కుట్టింది మీరేనట కదా, మా చెక్క నౌకకూ అలాంటివే కుట్టిపెట్టండి, ఆ పని చేసే అమ్మాయి వేషం వేస్తున్న నటికి కుట్టు కూడా నేర్పండి అని అడిగారు. కుదరదన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోగా వెనకనుంచి భర్త, "కుదురుతుంది, లోపలికి రండి" అనేశాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి. గుమ్మంలో ఎవరు నిలబడ్డా ఎక్కించుకోవడమే తెలుసు.

ఆమె అసలు పేరు నౌకలు తయారుచేసే ఆఫీసు కాగితాల్లోనే ఉండేది. పనిచేసిన చోట అందరికీ కుట్లక్కే. నౌక దుప్పటి అంటే మనం కప్పుకునేది కాదు, నౌక వేడి పోకుండా చుట్టేది. ఉల్లిపొర లాంటి మెరుపు పొరలు పదిహేనో ఇరవయ్యో పేర్చి, మధ్యమధ్య సన్నటి వల వేసి, చేత్తో కుట్టాలి. కుట్టు బిగిస్తే పొరలు అంటుకుపోయి వేడి జారిపోతుంది. వదులైతే ఊడిపోతుంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో ఆమె వేళ్ళకు తెలుసు.

ఆ వేళ్ళే ఒకసారి తప్పు చేశాయి. అప్పటికి ఆమె చేరి ఆరు నెలలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కుడి రెక్క మొదట్లో చుట్టే దుప్పటికి చివరి కుట్లు వేస్తుంటే సూది పుటుక్కున విరిగింది. విరిగిన ముక్కలు రెండూ చూపిస్తే తప్ప గది దాటనివ్వరు. ఒక ముక్క చేతిలో ఉంది, మొన లేదు. మోకాళ్ళ మీద పాకి అయస్కాంతంతో నేలంతా వెతికినా దొరకలేదు. చెబితే దుప్పటి మొత్తం విప్పాలి, నౌక బయల్దేరే తేదీ జరపాలి, తన ఉద్యోగం గాలికి పోతుంది. ముందు వారం విరిగిన ఇంకో సూది మొన పెట్టె అడుగున పడి ఉంటే, దాన్ని తెచ్చి చూపించింది. పై అధికారిణి చూసి తలూపింది.

నౌక వెళ్ళిన నాలుగో రోజు పొద్దున క్యాంటీన్‌లో ఎవరో అన్నారు, కుడి రెక్క సగంలో ఆగిపోయిందని. దుప్పట్లోంచి జారిన తన మొనే కీల్లో అడ్డం పడిందనుకుంది. ఆ మూడు రోజులూ కుక్కిన పేనులా పడి ఉంది. ఎట్టకేలకు నౌకను సూర్యుడి వైపు తిప్పితే రెక్క తెరుచుకుంది. అందరూ ఒకర్నొకరు వాటేసుకున్నారు. కుట్టుగదికి మాత్రం తెరుచుకుందన్న కబురు తప్ప ఇంకేం రాలేదు. ఎందుకు ఆగిందని ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

ఇప్పుడా నటి, చలాకీ పిల్ల, షూటింగు షెడ్డులో చెక్క నౌక పక్కన పీట వేసుకుని శ్రద్ధగా కుట్టు నేర్చుకుంటోంది. మూడో రోజు దారం కొరుకుతూ అడిగింది.

"ఆ మూడు రోజులూ మీరెలా ఉన్నారక్కా? అది చెబితే నాకు నటించడం తేలికవుతుంది."

కుట్లక్క ఇప్పుడే వస్తానని లేచిపోయింది.

షెడ్డు అవతల నీడలో కీళ్ళ డాక్టరు టీ తాగుతున్నాడు. ఆయన వైద్యుడేం కాదు. నౌక రెక్కల కీళ్ళు తయారుచేసిన ఇంజనీరు. అప్పట్లో ఆఫీసులో పెట్టిన పేరది. ఆ పేరు నమ్మి మోకాళ్ళ నొప్పులకు మందు అడిగిన వాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు సినిమాకు సలహాదారు. కుట్లక్క ఆయన ముందు కూర్చుని, ఎక్కడా ఆగకుండా అంతా చెప్పేసింది. సూది, మొన, పెట్టె, తలూపిన అధికారిణి. ఆయన గ్లాసు కింద పెట్టి చివరిదాకా విన్నాడు.

"సూది మొన ఎండకు కరగదు కదమ్మా," అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"అడ్డం పడింది మీ మొనే అయితే, సూర్యుడి వైపు తిప్పినా అది అక్కడే ఉండేది, రెక్క కదిలేది కాదు. ఆ కీలుకి నేను వేయించిన గ్రీజు చలికి గడ్డకట్టింది. ఎండ తగలగానే మెత్తబడింది. అలాంటి కీలునే కింద చలిపెట్టెలో పెట్టి చూశాం. సరిగ్గా అక్కడే ఆగింది. తప్పు నాదేనని రాసి సంతకం కూడా పెట్టాను."

ఆమె చున్నీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నా తప్పుని ఇన్నేళ్ళు మీరు మోశారా?" అన్నాడాయన. "నాకు మూడేళ్ళకే దిగిపోయింది. ముందే అడిగి ఉంటే ఇద్దరం చెరోవైపు పట్టుకునేవాళ్ళం."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోనే ఏడుపూ వచ్చింది, చాలాసేపు ఆగలేదు. ఆయన తొందరపెట్టలేదు. ఆమె ముక్కు తుడుచుకున్నాక మాత్రం, మొన దొరకలేదని ఆ రోజే చెప్పాల్సింది, అది తప్పే అన్నాడు. తప్పే సార్ అంది. మర్నాడే ఉన్నదున్నట్టు ఉత్తరం రాసి పాత ఆఫీసుకు పంపింది. కొత్తగా చేరే వాళ్ళకు పాఠంగా చెబుతాం, మీ పేరు తీసేస్తాం అని జవాబొచ్చింది. పేరు ఉంచమని మళ్ళీ రాసింది.

కీళ్ళ డాక్టరుతో మాట్లాడిన సాయంత్రమే భర్తకు చెబితే ఆయన, "నాతో ఒక్క ముక్క అనుంటే సగం నేను మోసేవాణ్ణి కదే," అన్నాడు. ఆ తర్వాత, ఆ రోజు కూర తనే వండుతానన్నాడు. ఉప్పెక్కువైంది. ఇద్దరూ వంక పెట్టకుండా తిన్నారు.

నటికి కూడా ఆమె నిజమే చెప్పింది. ఆ మూడు రోజులూ భయంతో చచ్చానని, ఎవరికీ చెప్పలేదని. నటి ఆమె ముఖం చూసి, మళ్ళీ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

సినిమా విడుదలయ్యాక కూతురు మధ్యాహ్నం ఆటకు టికెట్లు తెచ్చింది. తెర మీద గ్రీజు ఊసే లేదు. రెక్క ఆగడానికి సౌర తుపాను కారణమట. వెనక వరసలో కీళ్ళ డాక్టరు గొణుక్కుంటున్నాడు. కథ మూడు రోజుల గండానికి వచ్చింది. హాల్లో చప్పుడు లేదు. ముందు సీట్లో ఆయన తినడం కూడా మానేశాడు. కూతురు ఊపిరి బిగబట్టి పక్కకు తిరిగి చూసేసరికి తల్లి కుర్చీలో వెనక్కి వాలి హాయిగా నిద్రపోతోంది.

"అమ్మా, లే. అసలు ఘట్టం ఇదే."

కుట్లక్క ఒక కన్ను తెరిచింది.

"తెరుచుకుంటుందిలేవే," అని పక్కకు తిరిగి పడుకుంది.