గోడకు ముఖం పెట్టిన బడి

నేను ఒక క్యారమ్ బోర్డును. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, నా ముఖం చాలా బాగుంటుంది. అద్దంలా నున్నటి లేత పసుపు చెక్క, చుట్టూ నల్లటి చట్రం, నడిమధ్య ఎర్రటి పువ్వు, నాలుగు మూలలా నాలుగు వల సంచులు. ఇంత ముఖం ఉన్నదాన్ని ఏడాదిన్నర పాటు గోడకేసి నిలబెట్టి, వీపుతో చాకిరీ చేయించుకున్నారు. ఆ సంగతే చెబుదామని.

నేను పుట్టింది హైదరాబాదులో ఓ వడ్రంగి షెడ్డులో. నన్ను చేసిన మేస్త్రీ నా ముఖాన్ని గరుకు కాగితంతో రుద్ది రుద్ది, చెంప ఆనించి చూసి మురిసిపోయాడు. వీపు దగ్గరికొచ్చేసరికి నల్లరంగు ఒక్క పూత పూసి వదిలేశాడు. వెనకవైపు ఎవరు చూస్తారులే అనుకున్నాడు పాపం.

అక్కడి నుంచి లారీ ఎక్కి సిరిసిల్ల చేరాను. ఓ వాడలోని యువజన సంఘం వాళ్ళు నన్ను కొన్నారు. ఆ వాడంతా మరమగ్గాలే. వాటిని అక్కడ సాంచాలంటారు. పని దిగిన మగవాళ్ళు నెత్తిమీద దూది నలుసులతోనే వచ్చి నా చుట్టూ కూర్చునేవారు. సాంచాల మోతకు అలవాటు పడిన గొంతులు కదా, పక్కనున్నవాడితో కూడా అరిచే మాట్లాడేవారు. అరచేతిలో పట్టే కాయ గుంటలో పడలేదని, కట్టుకున్న భార్య మీద కూడా అలగనంతగా అలిగేవారు. మనుషులకు కోపం రావడానికి ఎంత చిన్న వస్తువైనా చాలని నాకప్పుడే అర్థమైంది.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. ఇంట్లో కూర్చోలేని నలుగురైదుగురు సంఘం తలుపు దగ్గరగా వేసుకుని ఆట సాగించారు. ఓరోజు పోలీసులు రానే వచ్చారు. అందరూ తలోదిక్కు పరిగెత్తారు. శ్రీహరి అనే సాంచాల కార్మికుడు మాత్రం నన్ను వీపుకు అడ్డం పెట్టుకుని పరిగెత్తాడు. అతని వీపు మీద పడాల్సిన లాఠీ నా చట్రం మీద పడింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. అలా నేను శ్రీహరి ఇంట్లో పడ్డాను.

ఇల్లంటే ఒక గది, దాని వెనక తలుపులేని వంటగది, ఊచల కిటికీ ఒకటి. అందులో శ్రీహరి, బీడీలు చుట్టే అతని భార్య తిరుమల, ఆరేళ్ళ కూతురు చైత్ర. పాలిష్ చెడిపోకూడదని శ్రీహరి నన్ను ముఖం గోడవైపు తిప్పి మేకుకు తగిలించాడు. జాగ్రత్తకే చేశాడు, కాదనను. కానీ ఆ రోజు నుంచి నా లోకమంతా జానెడు సున్నం గోడ, అందులో ఒక బీట. మిగతాదంతా వినడమే.

చైత్ర ఆ జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్ల. సంచి కొన్నారు, రెండు జడలు వేయడం తల్లి నేర్చుకుంది. బడి మాత్రం తెరవలేదు. పిల్ల రోజూ సంచి తగిలించుకుని తల్లి ముందు నిలబడేది.

"అమ్మా, బడికి ఎప్పుడు పోవుడు?"

"తెరవంగనే పోదాం బిడ్డా."

"ఎప్పుడు తెరుస్తరు?"

చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని కూర్చున్న తిరుమలకు ఓ రోజు విసుగు పుట్టింది. చేతిలోని కత్తెరతో నావైపు చూపించినట్టుంది. "ఇగో, ఇదే నీ బడి. కూసో!" అంది.

విసుగులో అన్న ఆ ఒక్క మాట నాకు పేరైపోయింది. బళ్ళోని సారు పంపే పాఠాలు శ్రీహరి ఫోనుకు వచ్చేవి. సాంచాలు మళ్ళీ మెల్లగా నడవడం మొదలయ్యాక ఆ ఫోను అతనితోపాటే వెళ్ళిపోయేది. అందుకని తిరుమల పొద్దున్నే చూసి, గుర్తుపెట్టుకుని, సుద్దముక్కతో నా వీపు మీద రాసేది. కింద చైత్ర దిద్దేది. ఇక ఇంట్లో ఎక్కడ విన్నా నా మాటే. "బడి తుడువు బిడ్డా." "బడి మీద తడి గుడ్డ ఆరేసిందెవరు?" "బడి జర పక్కకు జరుపు, బొద్దింక పోయింది." బొద్దింకల్ని దాచుకున్న బడి లోకంలో నేనొక్కదాన్నేనేమో.

అక్షరాలు నేను చూడలేదు, వీపుతో నేర్చుకున్నాను. ఏది గుండ్రంగా తిరుగుతుందో, ఏది కొక్కెం వేస్తుందో, దేనికి పైన చిన్న గీకుడు పడుతుందో నాకు తెలుసు. ఆ గీకుడును తలకట్టు అంటారట. 'బ' అనే అక్షరానికి అది ఉండదట. చైత్ర మాత్రం ప్రతిసారీ పెట్టేది, అదీ గట్టిగా నొక్కి.

"బ కు తలకట్టు ఉండదు బిడ్డా, ఎన్నిసార్లు చెప్పాలె?"

"ఎందుకుండది? అన్నిటికున్నది గద! ఇదొక్కటే మాస్కు లేకుండ ఉత్తగ తిరిగితే రోగం రాదా?"

తిరుమల నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే గడప దాటకుండా ఉండాలని పిల్లను అలా భయపెట్టింది ఇంట్లోవాళ్ళే. "బయటికి పోతె రోగం పట్టుకుంటది" అని శ్రీహరి రోజూ సాంచాల గొంతుతో అరిచేవాడు. మొదట్లో తలుపు దగ్గరికి పరిగెత్తే ఆ చిన్న కాళ్ళ చప్పుడు రానురాను తగ్గి, ఒకరోజుకు పూర్తిగా ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగిన రోజు నాకు భయమేసింది.

మరుసటి ఎండాకాలం తిరుమల చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి ఖార్ఖానాకు వెళ్ళివచ్చింది. నాలుగైదు రోజులకే జ్వరం, దగ్గు. ఒకే గది ఇంట్లో మనిషిని విడిగా ఎక్కడ పెడతారు? ఆమె చాపను వంటగదిలో వేసి, నన్ను మేకు మీంచి దించి, ఆ తలుపులేని గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు శ్రీహరి. వీపు చైత్రవైపు, ముఖం తిరుమలవైపు.

"ఈ బడి దాటి పోయినవనుకో, చూడు!" అన్నాడు పిల్లతో.

అన్నాళ్ళుగా గోడ తప్ప మరేమీ చూడని నేను మళ్ళీ ఒక మనిషి ముఖం చూశాను. ఎందుకు చూశానా అనిపించింది. చెంపలు పీక్కుపోయి, పెదాలు పగిలి, గ్లాసు ఎత్తలేక పక్కకు పెట్టేస్తున్న ముఖం. అలాంటి మనిషి పడుకునే "చైత్రా, 'బ' రాయి… 'డి' రాయి" అని పాఠం చెప్పేది. దగ్గు తెర వస్తే నోట్లో కొంగు కుక్కుకునేది. రాస్తున్నంతసేపు పిల్ల నన్ను దాటి రాదని ఆమె లెక్క. ఇటు తల్లి, అటు బిడ్డ, మధ్యన పలకంత మందం ఉన్న నేను. పక్కకు జరగడానికి నాకు కాళ్ళు లేకపోయె.

కొన్నాళ్ళకు ఆమె గొంతు పూర్తిగా పోయింది. అప్పుడు శ్రీహరి నా పైనుంచి తొంగిచూసి, మాస్కు కిందికి లాగి, చప్పుడు లేకుండా పెదాలు కదిపేవాడు. సాంచాల మోతలో మాట వినబడదు కనుక, అక్కడ పనిచేసేవాళ్ళు పెదాలతోనే మాట్లాడుకుంటారు. ఒకప్పుడు సాంచాల దగ్గర నూలు కండెలు చుట్టిన తిరుమలకూ ఆ భాష వచ్చు. ఆమె ఏదో అనేది, అతని కళ్ళు నిండేవి. పిల్లకు వినబడకూడదని వాళ్ళ ప్రయత్నం. కానీ తండ్రి పక్కన నిలబడి, మునివేళ్ళ మీద లేచి, చైత్ర ఆ పెదాలన్నీ చూస్తూనే ఉంది.

తిరుమల కోలుకుని లేచింది. నేను తిరిగి నా గోడకు వెళ్ళాను. అందరూ గండం గడిచిందనుకున్నారు. చైత్ర మనసులో మాత్రం తండ్రి మాట రుజువైపోయింది: అమ్మ గడప దాటింది, రోగం వచ్చింది.

చివరికి బళ్ళు తెరిచారు. బడి ముఖం చూడకుండానే ఒకటో తరగతి గట్టెక్కి, చైత్ర రెండో తరగతికి వచ్చింది. తల్లి రెండు జడలు వేసింది. "నడువ్ బిడ్డా, బడికి పోదాం" అంది. చైత్ర సంచి తగిలించుకుని బుద్ధిగా వచ్చి నా ముందు కూర్చుంది.

"ఈడ కాదమ్మా. అసలు బడి."

"బడి ఈడనే ఉన్నది గద."

చేయి పట్టుకుని లేపితే తలుపు చెక్కను కరుచుకుంది. "నేను రాను! నాకు రోగమొస్తది! అమ్మకు మల్లొస్తది!" అని ఏడ్చిన ఏడుపుకు వాడంతా బయటికొచ్చింది. శ్రీహరి అరిచాడు, బతిమాలాడు. తిరుమల కూలబడి, "మనమే జేసినం. బిడ్డను మనమే బందీ జేసినం" అని ఏడ్చింది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ఆ పిల్ల ఇక ఆ గది దాటదేమో అనుకున్నాను.

నాలుగోనాడు శ్రీహరి ఏమనుకున్నాడో, నన్ను మేకు మీంచి దించి నెత్తిన పెట్టుకున్నాడు.

"సరె, బడే పోతంది. రెడ్ పోయినంక ఫాలో పోవద్దా? వస్తవా, రావా?"

క్యారమ్‌లో ఎర్రకాయ ఒక్కటే గుంటలో పడితే చెల్లదు, దాని వెనకే ఇంకో కాయ పడాలి. మేం గడప దాటాం. ఆకాశం నా ముఖం మీద పడింది. నేను మాత్రం ఆకాశాన్ని చూడలేదు, వెనక చప్పుడు కోసం విన్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చిన్న కాళ్ళు, "బాపూ, ఆగు! బడిని కింద పడేస్తవ్!" అంటూ పరిగెత్తుకొచ్చాయి.

బళ్ళో సారు మంచివాడు. పిల్ల లోపల కూర్చుంటే, మమ్మల్నిద్దరినీ కిటికీ అవతల వరండాలో ఉండనిచ్చాడు. శ్రీహరి నన్ను ఒళ్ళో నిలబెట్టుకున్నాడు, ముఖం లోపలివైపు. సారు చైత్రను పిలిచి, తాము కూర్చున్న ఈ చోటు ఏమిటో రాయమన్నాడు. గోడ నిండా ఉన్న నల్లబల్ల మీద ఆ పిల్ల 'బడి' అని రాసింది. ఏడాదిన్నర మోసిన అక్షరాన్ని నేను కళ్ళారా చూడడం అదే మొదలు. 'బ' మీద నా వీపుకు తెలిసిన ఆ గీత లేదు.

రాసి, వెనక్కి తిరిగి, మాస్కు కిందికి లాగి, సారుకు వినబడకుండా తండ్రివైపు పెదాలు కదిపింది. శ్రీహరి నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమంటంది?" అని అడిగింది వరండా ఊడుస్తున్న ఆయమ్మ.

"బోర్డు ఇంటికి తీస్కపొమ్మంటంది."

బోర్డు అంది. బడి అనలేదు.

ఇప్పుడు నేను మళ్ళీ సంఘంలో ఉన్నాను, ముఖం పైకి, మీద పౌడరు, చుట్టూ అరుపులు. కోరుకున్నదే. సాయంత్రం పిల్లలు సంచులతో ఈ దారినే పోతారు. "ఇయ్యాల మా బళ్ళె ఏమైందో తెలుసా…" అంటుంది వాళ్ళలో ఒక గొంతు. ఆ మాట నన్ను గురించి కాదని తెలుసు. అయినా ప్రతిసారీ ఒక్క క్షణం, నన్నే పిలిచిందనుకుంటాను.