ముందున్న సున్నాలు

పెర్లిటా చేప పొలుసులు గీరుతుండగా వరండాలోంచి భర్త నుల్ఫో కేకేశాడు. "పెర్లీ! మన తాబేళ్లన్నీ చచ్చిపోతున్నాయే!"

మన తాబేళ్లట! పదేళ్లుగా ఈ పలావాన్ దీవి ఒడ్డుకి గుడ్లు పెట్టడానికొచ్చిన ప్రతి తాబేలు రెక్కకీ నంబరు బిళ్ల కొట్టింది ఆమె. కనిపించిన ఏటికి ఒకటి, కనిపించని ఏటికి సున్నా, ఒక్కో తాబేలుకి పది అంకెల వరుస రాసిందీ ఆమే. ఆ వరుసల్ని బట్టే ఎన్ని బతికున్నాయో కంప్యూటరు లెక్క తేలుస్తుంది. దాని మీద రాసే పరిశోధన వ్యాసం మాత్రం నుల్ఫోది. ఇప్పటికి నాలుగు వ్యాసాలు, నాలుగింటి చివరా ఒకటే మాట: "ఓపికగా సహకరించిన నా భార్యకు కృతజ్ఞతలు." పేరు కూడా ఉండదు. ఓపికే ఆమె పేరైనట్టు.

పోయిన ఫియెస్తాలో, ఊరి పండగలో, అందరి ముందూ అన్నాడు. "నేను ఒకటి, మా ఆవిడ సున్నా. నా పక్కన నిలబడింది కాబట్టే పదయ్యాం!" అత్తగారు పడీ పడీ నవ్వింది. పెర్లిటా కూడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇప్పటికీ తన మీద తనకే ఒళ్లు మండుతుంది.

చేతులు కడుక్కొచ్చి చూసింది. ఆమె ఫైలుని అతను 'సర్దాడట'. వరుసల మొదట్లో ఉన్న సున్నాల్ని కంప్యూటరు మింగేసింది. పది అంకెలు నిండాలి కాబట్టి ఈ మహానుభావుడు వెనక సున్నాలు తగిలించాడు. ఎనిమిదో ఏట మొదటిసారి వచ్చి, మొన్న పదో ఏట మళ్లీ ఆమె చేతికి చిక్కిన తాబేలు వరుస 0000000101 కాస్తా 1010000000 అయింది; ఈ లెక్కన మూడో ఏడు తర్వాత దాని జాడే లేదు.

"సున్నాలేగా, ముందుంటే ఏంటి, వెనకుంటే ఏంటి?" అన్నాడు.

"ముందుంటే ఇంకా మన కంటపడలేదని. వెనకుంటే పోయిందేమోనని. నువ్వు చూడనంత మాత్రాన అది ఈదడం మానేసిందా నుల్ఫో?"

"పాఠాలొద్దు తల్లీ. మూడింటికల్లా పత్రికకి పంపాలి. బాగుచేసి నువ్వే పంపెయ్. నేను కాస్త నడుం వాలుస్తా."

"మొగుడికి ఎదురు చెప్పందే దీనికి ముద్ద దిగదు," అంది లోపలినుంచి అత్తగారు. "ముందు ఆ చేప సంగతి చూడవే, పిల్లి లాక్కుపోతుంది."

"పోనీండి, నానాయ్," అని అత్తగారికి చెప్పి కంప్యూటరు ముందు కూర్చుంది.

సున్నాలు తారుమారైనవి మూడొందల నలభై వరుసలు. తన నోటుపుస్తకం చూసి ఒక్కోదానికీ ముందు సున్నాలు తిరిగి పెడుతుంటే ఒక్కో తాబేలూ లేచి ఊపిరి పీల్చుకున్నట్టే ఉంది. ఏ ఏడు ఏ వానలో తడిసి, ఏ ఇసుకలో మోకాళ్లు కొట్టుకుపోయి బిళ్ల కొట్టిందో ఆమెకి గుర్తే. కడుపుతో ఉన్నప్పుడు కూడా వెళ్లింది. అప్పుడు కూడా ఇంటికొచ్చి అన్నం వండింది. ఇదంతా ఓపికేనా? కాదు, ఇది పని. నా పని. ఆ మాట మొదటిసారి పైకే అనేసింది. కంప్యూటరుతో లెక్క మళ్లీ తేల్చి, వ్యాసం చివరున్న కృతజ్ఞతల వాక్యం కొట్టేసింది. రచయితల వరుసలో, అతని పేరుకి ముందు, పెళ్లికి ముందు నాటి తన పేరు రాసింది: పెర్లిటా దుమాగన్.

నుల్ఫో కళ్లు నులుముకుంటూ వచ్చి చూశాడు. "ఇదేంటి, నా పేరు రెండోదా? నలుగురూ నవ్వరూ? తీసెయ్ ముందు!"

"పంపించేశాను."

"రాసేముందు నన్నొక్క మాట అడగాలా వద్దా?"

పెర్లిటా కుర్చీలోంచి లేవలేదు. "నాలుగుసార్లు నా పేరు తీసేసినప్పుడు, నువ్వు నన్నడిగావా?"