గోడ దగ్గర అనమ్

అనమ్ గురించి ఆ కాగితంలో నాలుగే వాక్యాలున్నాయి. "వేగం చాలా బాగుంది. పక్‌ను అందుకోవడం బాగుంది. అడ్డగోడ దగ్గర నిలబడలేదు. ప్రొఫెషనల్ స్థాయికి అవకాశం లేదు."

ఆ కాగితం రాసింది యూరప్‌లోని ఒక మహిళల ఐస్ హాకీ క్లబ్బు సెలెక్టరు. 2022 నవంబరులో ఆ క్లబ్బు పది రోజుల కోసం దుబాయ్ వచ్చింది. ఇక్కడి అమ్మాయిల్లో ఇద్దరిని ఏరి, వచ్చే సీజనుకు ట్రయల్స్‌కు పిలుస్తామంది. మూడు రోజులు ఆడించి చూశాక ఒక్కొక్కరికీ ఒక్కో కాగితం ఇచ్చారు.

అనమ్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతోంది. కాలేజీ జట్టులో ఫార్వర్డ్, అంటే ముందుండి గోల్ కొట్టాల్సిన మనిషి. రాయచోటి నుంచి వచ్చిన ఆమె తండ్రి ఇమామ్ హుస్సేన్ పదిహేనేళ్ళుగా, ఈ ఆటలు జరిగిన మంచు మైదానంలో, ఆ రింక్‌లోనే మంచును చదును చేసే బండి నడుపుతున్నాడు. పదమూడో ఏట సెలవుల్లో తండ్రి దగ్గరికి వచ్చిన అనమ్, ఎవరో వదిలేసిన స్కేట్లు తొడుక్కుని తొలిసారి మంచు మీదికి దిగింది. తర్వాత తల్లీ కూతుళ్ళు ఇక్కడే ఉండిపోయారు. మంచు దేశాల పిల్లలు అప్పటికే ఎనిమిదేళ్ళు ఆడి ఉంటారు.

కాలేజీలో మొదటి సీజనంతా ఒక్క గోల్ కూడా కొట్టలేదు. పరుగెత్తేటప్పుడు తల దించుకుని మంచు మీద జారే రబ్బరు బిళ్ళను, ఆ పక్‌నే చూసేది. కోచ్ యాసీన్ ఆమె కళ్ళ కింద అట్టముక్క కట్టి, పక్ కనబడకుండా నెలరోజులు ఆడించాడు. రెండో సీజనులో పంతొమ్మిది గోల్స్ కొట్టింది. దాంతో ఎదుటి జట్లవాళ్ళు మేలుకున్నారు. బక్కపలుచటి పిల్ల కదా, మైదానం చుట్టూ ఉండే అడ్డగోడకేసి నెడితే చాలు, పక్ వదిలేస్తుందని కనిపెట్టారు. సెలెక్టరు రాసింది అబద్ధం కాదు.

కాగితం ఇచ్చాక సెలెక్టరు ఆమెను పక్కకు పిలిచి నవ్వుతూ చెప్పింది. "ఆట సంగతి వదిలెయ్. నీ కథ మాకు చాలా నచ్చింది. ఎడారి ఊళ్ళో మంచు మీద ఆడే అమ్మాయివి. మా వీడియోల్లో కనిపించు, పిల్లల శిబిరాల్లో మాట్లాడు. ఏడాదిపాటు మాతోనే ఉండొచ్చు."

"మ్యాచుల్లో ఆడిస్తారా?"

"అది కష్టం."

"అయితే రాను మేడం. ఆట చూసి పిలిస్తే వస్తాను."

దుబాయ్‌లోనే సత్వా పేటలోని ఇంటికి వచ్చి ఈ మాట చెబితే, కుట్టుమిషను మీద కూర్చున్న తల్లి అక్తర్ బీ చేతిలో గుడ్డ పక్కన పెట్టింది.

"విందుకు పిలిచి, తినేదానికి కూసోవద్దు, గడపకాడ నిలబడి ఫోటో దిగు అన్నట్టుండాది. మంచిపని చేసినావు."

హుస్సేన్ మాత్రం కాగితాన్ని రెండుసార్లు చదివించుకున్నాడు. "గోడకాడ పడిపోతాండావని రాసినారు. నిజమే కదా పాపా? నేను రోజూ చూస్తాండా."

అనమ్‌కు కళ్ళనీళ్ళొచ్చాయి. "నిజమే నాయనా. కానీ 'అవకాశం లేదు' అని రాయడానికి వాళ్ళెవరు?"

మర్నాడు యాసీన్ దగ్గరికి వెళ్ళింది. శనివారం మధ్యాహ్నం ఆ క్లబ్బుతో ఇక్కడి అమ్మాయిలకు చివరి మ్యాచ్ ఉంది. క్లబ్బులో ఆరడుగుల డిఫెండరు ఒకామె ఉంది. "ఆమె దిగిన ప్రతిసారీ నన్నే దించండి సర్," అంది.

"పాగల్ హై క్యా? ఎముకలు విరగ్గొడుతుంది."

"గోడ దగ్గర పనికిరానన్నారు. గోడ దగ్గరే ఆడతాను."

యాసీన్ ఆమెను ఎగాదిగా చూశాడు. మిగిలిన రెండు రోజులూ పొద్దున్నే తనే గోడ పక్కన నిలబడి ఆమెను నెట్టాడు. "ఆమె నిన్ను తాకేదాకా ఎందుకు ఆగుతావు బేటీ? నువ్వే ముందు ఆనుకో. మోకాళ్ళు వంచు. పొట్టిదానివి, ఆమె కిందికి దూరిపో."

శనివారం మొదటి అరగంటలో అనమ్ ఐదుసార్లు పడింది. మూడోసారి పెదవి చిట్లింది. నాలుగోసారి ఆ డిఫెండరే చెయ్యి అందించబోతే పట్టుకోకుండా లేచింది. ఆరోసారి మోకాళ్ళు వంచి ముందే ఆనుకుంది. పడలేదు. పక్ పోయింది కానీ తను నిలబడింది.

ఇంకా ఆరు నిమిషాల ఆట ఉంది. క్లబ్బు ఐదు, వీళ్ళు ఒకటి. అప్పుడు రింక్ ముదీర్, అంటే మేనేజరు, శ్యాంప్రసాద్ హడావిడిగా బండి దగ్గరికి వచ్చాడు. ఫోటోలకు పెద్ద అతిథులు వచ్చేశారు.

"హుస్సేన్ భాయ్, యల్లా, తొందరగా బండి మంచు మీదికి దించెయ్. రిఫరీకి నేను చెప్తాను. మంచు నీట్‌గా ఉండాలి."

"ఇంకా ఆరు నిమిషాలుంది సార్."

"ఐదు ఒకటి అండీ! ఎలాగూ ఓడిపోయారు. ఖలాస్!"

పదిహేనేళ్ళలో హుస్సేన్ ముదీర్‌కు ఎదురు చెప్పింది లేదు. ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆట నడుస్తాంటే బండి దించకూడదని మీరే గోడమీద రాయించినారు సార్. నేను దించను."

"నీ కూతురు ఆడుతోందనేగా?"

"అవును సార్. ఎవరి కూతురు ఆడినా దించను."

ఈ గొడవ అనమ్‌కు తెలియదు. ఆమె మూలలో పక్ కోసం పోయింది. డిఫెండరు బరువంతా వీపు మీద పడింది. గాజుగోడకు చెంప ఒత్తుకుంది. అయినా స్టిక్ కిందే పక్‌ను తొక్కిపట్టి, ఒక్కసారి పక్కకు తిరిగి గోల్ ముందున్న తమ జట్టు అమ్మాయి అక్షయకు తోసింది. అక్షయ కొట్టింది.

ఐదు రెండు. అక్కడితో ఆట ముగిసింది. ఓడిపోయారు.

సెలెక్టరు తనే వచ్చింది. "మూడు రోజుల్లో చూసిందే రాశాను. ఇవాళైతే అలా రాయను. కానీ ట్రయల్స్‌కు ఏరిన ఇద్దరి పేర్లు నిన్నే పంపేశాను."

"సరే మేడం. ఇవాళ చూసింది కూడా రాసి సంతకం పెట్టివ్వండి."

ఆమె ఇబ్బందిగా నవ్వి, అక్కడే కూర్చుని రాసిచ్చింది.

ఆదివారం హుస్సేన్‌కు మెమో ఇచ్చారు. తప్పయిందని రాయమంటే, నియమం ప్రకారమే నడుచుకున్నానని అనమ్ చేత రాయించి సంతకం పెట్టాడు. నెలరోజులు ఆయన్ని బండి దింపి స్కేట్లు అద్దెకిచ్చే కౌంటర్లో కూర్చోబెట్టారు. మంచు గరుకుగా ఉందని ఆటగాళ్ళు గోల చేస్తే మళ్ళీ బండెక్కించారు.

అనమ్ చదువు ఆపలేదు, గోడా వదల్లేదు. సెలెక్టరు ఉత్తరం జతచేసి పదకొండు క్లబ్బులకు రాసింది. ఎనిమిది జవాబే ఇవ్వలేదు, రెండు వద్దన్నాయి. 2024లో డిగ్రీ చేతికొచ్చాక, ఒక చిన్న ఊరి రెండో డివిజన్ క్లబ్బు నాలుగు వారాల ట్రయల్‌కు పిలిచింది. చివరికి ఒక్క సీజనుకు ఒప్పందం ఇచ్చింది. వంతులవారీగా దింపే నాలుగు వరుసల్లో చివరిదైన నాలుగో వరుసలో, మ్యాచుకు నాలుగైదు నిమిషాలు. అంతకుమించి ఆశించొద్దని అక్కడి కోచ్ మొహం మీదే చెప్పాడు.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసింది.

"నాలుగో వరుసలో పెట్టినారు నాయనా. జనవరి కల్లా మూడో వరుసకు రాకుంటే నన్ను అనమ్ అని పిలవద్దు."

జనవరిలో రాలేదు. ఫిబ్రవరిలో వచ్చింది.