గోలీ మాత్రం ఆపొద్దు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ మాట పుట్టించినవాడు హెల్త్ ఎడ్యుకేషన్ చదివి ఉండడు. ఏం తినాలో, రోగమొస్తే ఎట్లా మెలగాలో జనానికి నచ్చజెప్పడమే చదువుగా యూనివర్సిటీలో పీజీ చేసి, మంచి మార్కులతో బయటపడ్డ జోస్నాకు వినేవాడే దొరకలేదు. చుట్టాలు డాక్టరువా అని అడిగేవారు. కాదంటే నర్సువా అనేవారు. అదీ కాదంటే అయ్యో పాపం అన్నట్టు చూసి మాట మార్చేవారు.

తోటివాళ్లలో ఒకతె స్వచ్ఛంద సంస్థలో చేరి ఆదిలాబాద్ ఊళ్లలో ఆడవాళ్లకు రక్తహీనత గురించి చెబుతోంది. ఇంకొకడు ఇన్సూరెన్స్ కంపెనీలో కూర్చుని, రోజూ నడవండని ఫోన్లో జనం ప్రాణాలు తోడేస్తున్నాడు. జోస్నా మాత్రం సర్కారు పోస్టుల కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు పోయి, మెట్రో స్తంభం పక్కన బస్సు కోసం నిలబడి, అల్మాస్‌గూడలోని కిరాయి ఇంటికి చేరేది. నోటిఫికేషన్ ఇదిగో అదిగో అంటూనే ఏళ్లు గడిచాయి. తండ్రి దానియేలు అడక్కుండానే కోచింగ్ ఫీజు కట్టేవాడు. ఆ కట్టడమే పిల్లను లోపల్లోపల కాల్చేసేది.

అట్లాంటప్పుడు ఎల్బీనగర్‌లో ఒక షుగర్ దవాఖాన నుంచి ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. రోగులకు జాగ్రత్తలు చెప్పే ఉద్యోగం. ఇదీ పోతే చదువు మాట మరిచి ఏ బట్టల షాపులోనో చేరిపోవాలని జోస్నా గట్టిగా అనుకుంది. తల్లి సారమ్మ వెంట వస్తానంది. తనకూ షుగరే కదా, దవాఖానలో ఎవరూ అడగరు, బయట కూర్చుని ప్రార్థన చేసుకుంటానంది. వద్దంటే వినే మనిషి కాదు.

ఇంటర్వ్యూ చేసిన సింధూర మేడమ్ కోస్తా మనిషి, మాట మెత్తన, చూపు పదును. మార్కుల కాగితాలు పక్కన పెట్టి, ఒక రోగిని కూర్చోబెట్టుకుని తన ఎదుట చెప్పి చూపించమంది. హాల్లోకి తొంగిచూసి, చివరి కుర్చీలో ఉన్న ముసలామెను రమ్మంది. వచ్చింది సారమ్మ. మా అమ్మ అని జోస్నా నోరు తెరిచేలోపే సారమ్మ చేతులు జోడించి, ఎన్నడూ చూడని మనిషికి పెట్టినట్టు కూతురికి నమస్తే మేడమ్ అంది. ఇక నిజం చెబితే తల్లీకూతుళ్లు కూడబలుక్కుని వచ్చారనుకుంటారు. జోస్నా ఎదుటి కుర్చీ చూపించి కూర్చోమంది.

తిండి బొమ్మలున్న అట్ట చేతిలోకి తీసుకుని, మర్యాదగా, నేర్చుకున్న వరుసలో మొదలుపెట్టింది. పొద్దున ఏం తిన్నారమ్మా అని అడిగింది.  ఇంట్లో అయితే సారమ్మ తిన్ననని అబద్ధమాడేది. కానీ రోగి ఏ తప్పూ చేయకపోతే బిడ్డకు చెప్పడానికి ఏం మిగులుతుంది? బిడ్డ గెలవాలనే నిజం చెప్పింది.

"ఏం తినలే మేడమ్. ఉపవాసముంటున్న. మా బిడ్డ నౌకరి కోసం దేవునికి మాటిచ్చిన, పొద్దుగూకేదాక ఏం ముట్ట."

జోస్నా చేతిలోని బొమ్మల అట్ట వంగిపోయింది. "మరి షుగర్ గోలీ?"

"గోలీ ఏస్కుంటున్న. మా బిడ్డ ఒట్టు పెట్టించుకున్నది, ఏమైనా గానీ గోలీ మాత్రం ఆపొద్దని."

నిజమే, పెట్టించుకుంది. వాళ్ల చర్చిలో అరుణమ్మ దేవుడే చూసుకుంటాడని గోలీలు మానేసి పాదం పోగొట్టుకున్నప్పుడు, జోస్నా భయపడి తల్లి చేత ఒట్టు వేయించింది. తిన్నాకే వేసుకోవాలని వేరే చెప్పాలా అనుకుంది. అన్నం తినే మనిషికి అన్నం తినమని ఎవరు చెబుతారు? వట్టి కడుపున ఆ గోలీ ఉన్న కాస్త షుగరునూ లాగేస్తోంది. సారమ్మ నుదుట అప్పటికే చెమట పట్టింది. జోడించిన చేతులు వణుకుతున్నాయి.

"అమ్మా, ఎన్ని దినాల సంది ఇట్ల చేస్తున్నవే?" అని జోస్నా కుర్చీ తోసేసి లేచింది. టీ పోసే చోటికి పరుగెత్తి చక్కెర నీళ్లు కలిపి తెచ్చి, తల్లి తల పట్టుకుని తాగించింది. గుట్టు బయటపడింది, ఇక ఉద్యోగం పోయిందని తెలుసు. దాని గురించి ఏడ్చే తీరిక కూడా లేదు.

మిషన్ పెట్టి చూస్తే షుగరు పాతాళంలో ఉంది. సారమ్మ తేరుకుని ఇడ్లీ తింటుంటే సింధూర మేడమ్ జోస్నాను పక్కకు పిలిచింది. మిగతావాళ్లంతా బొమ్మలే చూపించారనీ, నువ్వు మనిషిని చూశావనీ చెప్పి, సోమవారం నుంచి వచ్చి చేరమంది.  సంతోషించాలని తెలుసు, కానీ జోస్నా కళ్లు తల్లి ఇడ్లీ ప్లేటు మీదే ఉన్నాయి.

తల్లి పక్కన కూర్చుని, కోప్పడకుండా, రోగికి చెప్పాల్సిన పద్ధతిలోనే అంతా విడమరిచి చెప్పింది. కడుపు కాల్చుకుని గోలీ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పింది. ఉద్యోగం వచ్చిందనీ చెప్పింది. చెప్పింది అర్థమైందో లేదో రోగి నోటితోనే తిరిగి చెప్పించాలని వాళ్లకు మొదటి ఏడాదే నేర్పుతారు.

"నేనేం చెప్పిన్నో నువ్వొకసారి చెప్పు అమ్మా."

సారమ్మ ముఖం వెలిగిపోతోంది. "సమజైంది బిడ్డా. ఉత్త కడుపుతోటి గోలీ ఏస్కోవద్దు. దేవుడు నౌకరిచ్చిండు గద, రేపటి సంది కృతజ్ఞత ఉపవాసం ఉంట. గా దినాలు గోలీ బంద్ చేస్త."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. జోస్నా రచ్చ గెలిచింది. తల్లి చేయి పట్టుకుని, చుట్టూ రోగులంతా చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చింది. అది సంతోషం ఏడుపనుకుని సారమ్మ కళ్లు మూసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది.