సుమన ఎడమకాలు

దేవరకొండలోని ఆ ప్రైవేటు దవాఖానలో పొద్దున్నే ఆపరేషన్ గది కడుగుతారు. మూలన నిలబడ్డ కాలి మీద, మారయ్య కాలి మీద, నీళ్లు చిందకుండా దాని చుట్టూ తుడుస్తారు. నిరుడు మారయ్యకు కుళ్లిన కాలు ఉంచి, బాగున్న కాలు కోశారు. అతని తమ్ముళ్లు వచ్చి అద్దాలు పగలగొట్టి, కాంపౌండర్ తల పగలగొట్టిపోయారు. పాతిపెట్టిన కాలు మర్నాడు తిరిగొచ్చి మూలన నిలబడింది. అప్పటినుంచి అదీ గది సామాన్లలో ఒకటి.

ఆ రోజు సుమనను బల్ల మీద పడుకోబెట్టారు. పత్తి ట్రాక్టరు బోల్తాపడి ఆమె కుడికాలి ఎముక పిండైంది, లోపల కుళ్లు పట్టింది, మోకాలి పైకి తీసెయ్యాలి. ఎడమకాలికి తోలు గీరుకుపోయిందంతే. రెంటికీ చీలమండ నుంచి మోకాలి దాకా కట్లున్నాయి.

మత్తివ్వక ముందు పేరు అడగాలి. ఏ కాలో ఆమె నోటితోనే చెప్పించాలి. కోసే కాలికి డాక్టరే గుర్తు పెట్టాలి. నర్సు గ్లోరీ చాయ్ తాగుతూనే ఆ ప్రశ్నల కాగితం నిండా టిక్కులు పెట్టేసింది. ఎవరూ ఏమీ అడగలేదు. సుమన నిద్రలోకి జారింది. అడగవలసింది అడగనివాడి చేతిలో కత్తి, దొంగ చేతి కత్తికంటే చెడ్డది.

డాక్టర్ సతీశ్ దుప్పటి ఎత్తాడు. ఎడమ అరికాల్లో నల్లచుక్క కనిపించింది.

"గుర్తు పెట్టిన్రు కద. కత్తియ్యి."

"సార్, ఒక్కపారి చదువాల్నా?"

"నువ్వు చదివేలోపట నేను కుట్లేసి బువ్వ తినొస్త తల్లీ."

గ్లోరీ నవ్వి కత్తి అందించింది.

మోకాలి పైన కత్తి దిగింది. నెత్తురు చిమ్మింది. మూలనుంచి మారయ్య కాలు ఎగిరింది. మడమ సతీశ్ మూతి మీద పడి పళ్లు రాలాయి. రెండో తన్నుకు మణికట్టు విరిగింది. కిందపడ్డవాడి రొమ్ము మీదెక్కి నిలబడింది.

"తల్లిని పిలువున్రి!" నెత్తురు ఉమ్ముతూ అరిచాడు సతీశ్. "ఏ కాలో అడుగున్రి!"

సుమన తల్లి బిక్షమ్మ ఉరికొచ్చింది. తెగిన తొడను చూసి నెత్తి బాదుకుంది.

"గది మంచి కాలు సారూ! గీ ఒక్కదానికన్న దిష్టి తగలొద్దని నేనే కాటుక పెట్టిన!"

గ్లోరీ చెంప మీద ఆమె కొట్టిన దెబ్బ వరండా దాకా వినిపించింది.

ఇంకో డాక్టరు వచ్చి ఆ గాయానికి కుట్లేశాడు. గ్లోరీ వాచిన చెంపతో ఒక్కో ప్రశ్నా గట్టిగా చదివింది. బిక్షమ్మ కుడికాలును చేత్తో తట్టి చూపించాక, కొత్త డాక్టరు తానే గుర్తు పెట్టి కోశాడు.

సాయంత్రం సుమన లేచింది. నొప్పికి అందరినీ తిడుతూ దుప్పటిని తన్ని కిందపడేసింది.

తన్నింది ఎడమకాలే.