రెండో వరుస వల

సరాయెవో నుంచి ఇటలీ కొండల దాకా విల్దానా కాళ్ళకు దుప్పటి చుట్టుకుని వ్యాను నడిపింది. హీటరు పాడై చాలాకాలమైంది. పక్క సీట్లో ఫిక్రెత్ బాబాయ్ అద్దం మీది ఆవిరిని టోపీతో తుడుస్తూ కూర్చున్నాడు. మంచు మీద జారే స్కీలకు మైనం పట్టించడం, అంచులు సానబెట్టడం ఆయన పని. వెనక స్కీ సంచుల మధ్య ముడుచుకుని లమియా నిద్రపోతోంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. మంచు మీద వేగపు పందేలకు బోస్నియా నుంచి దిగే ఆడపిల్ల ఆమె ఒక్కతే. విల్దానా ఆమె కోచ్.

పెద్ద జట్లు కొండ మీది హోటళ్ళలో దిగితే, వీళ్ళకు లోయలో బాయిలరు పక్కన గది దొరికింది. ఫిక్రెత్ సైకిళ్ళు పెట్టుకునే కొట్టులో బల్ల వేసుకుని మైనం కరిగించాడు. విల్దానా కిటికీకి తాడు కట్టి తడిసిన చేతితొడుగులు ఆరేసింది. ఇంటి నుంచి తెచ్చిన పొగబెట్టిన మాంసం, రొట్టె కోసి అందరికీ పెట్టింది.

"ఈ ఉద్యోగంలో దేశాలు తిరగొచ్చని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది," అంది.

"తిరుగుతున్నాంగా అమ్మాయ్. ఏ దేశం బాయిలరు ఎలా మోగుద్దో మనకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?" అన్నాడు ఫిక్రెత్.

మర్నాడు పొద్దున్నే పందెం దారి చూసుకోవడానికి వెళ్ళిన విల్దానా సగం కొండ దిగి ఆగిపోయింది. అక్కడొక దిబ్బ. దాని మీంచి గాల్లోకి లేచి దిగగానే ఎడమకు మలుపు. మలుపు తప్పితే ఎదురుగా మంచు చిమ్మే యంత్రం తాలూకు ఇనుప స్తంభం. దాని ముందు ఒకే ఒక వరుస వల కట్టారు. ఆ వేగంలో వచ్చే మనిషిని ఒక్క వల ఆపలేదు.

పందెం నడిపించే ఒరెస్తెను ఆమె అక్కడికే పిలిపించింది.

"రెండో వల ఏదండీ?"

"ఇది చాలమ్మా. పెద్ద జట్లవాళ్ళు చూసి వెళ్ళారు. ఎవరూ నోరెత్తలేదు."

"ఎందుకెత్తుతారు? వాళ్ళ పిల్లలు ముందు దిగుతారు. అప్పటికి దారి అద్దంలా ఉంటుంది. మా పిల్ల దిగేది చివర్న. అప్పటికి ఇక్కడ గుంతలు పడతాయి. గుంతలో స్కీ తగులుకుంటే ఎక్కడికి పోతుంది? మీ స్తంభం మీదికే."

ఒరెస్తె గడియారం చూసుకున్నాడు. "సరే సరే. మొదలయ్యేలోపు మనుషుల్ని పంపిస్తా. కట్టేస్తారు."

ఆ మాట నమ్మి ఆమె లమియాను లిఫ్టు ఎక్కించింది. ఫిక్రెత్‌ను తోడు పంపి, తాను వాకీటాకీ పట్టుకుని ఆ మలుపు దగ్గరే నిలబడింది.

మనుషులు రాలేదు. పందెం మొదలైపోయింది. ఒక్కొక్కరే దూసుకుపోతుంటే మలుపులో మంచు చిట్లి, కోసుకుపోయి, చివరికి చెయ్యి పట్టేంత గాడి పడింది. వాకీటాకీలో ఒరెస్తెను పిలిస్తే, "పందెం నడుస్తోంది, లైను ఖాళీ చెయ్యండి," అన్నాడు. పక్కన నిలబడ్డ వేరే జట్టు కోచ్ నవ్వాడు. "ఇది పందెం తల్లీ, పెళ్ళి ఊరేగింపు కాదు."

విల్దానా మీట నొక్కింది. "బాబాయ్, పిల్లని ఆపు."

"ఆపడమేంటి? ఇంకో ముగ్గురి తర్వాత తనే. జాకెట్ కూడా విప్పేసింది."

"మళ్ళీ తొడుగు. దిగనివ్వకు."

గొంతు మారింది. లమియా లాక్కున్నట్టుంది. "అక్కా, నీకేమైనా పిచ్చా? ఇక్కడ మంచి స్థానం రాకపోతే ప్రపంచ పోటీలకు నా పేరుండదు!"

"తెలుసు."

"నేను దిగుతున్నా."

"దిగవు. కాదంటే బాబాయ్ నీ నడుం పట్టుకుని లాగుతాడు. అందరి ముందూ ఆ తమాషా వద్దు."

మిగిలినవాళ్ళంతా దిగారు. ఆ మలుపులో ఇద్దరు పడ్డారు. ఒకమ్మాయి వల దాకా జారుకుంటూ పోయి, లేచి, మంచు దులుపుకుని నవ్వింది. స్తంభం జోలికి ఎవరూ పోలేదు. ఆ నవ్వు చూసి విల్దానాకు ఊరట కలగాల్సింది. కలగలేదు సరికదా, ఒళ్ళు మండిపోయింది. కింద జనం మధ్య ఒరెస్తెను పట్టుకుంది.

"పంపుతానన్నారు."

"ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదు."

"మరింకేంటమ్మా నీ గొడవ?"

"కాకపోవడం మీ గొప్పేం కాదు!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

వ్యాను దగ్గరికి వచ్చేసరికి ఫోను మోగింది. బోస్నియా స్కీ సంఘం కార్యదర్శి నెర్మిన్. ఆయనకు అప్పటికే కబురు అందింది.

"అంత దూరం పోయింది పిల్లని చలిలో నిలబెట్టి తీసుకురావడానికా? మగ కోచ్ అయితే ఇలా బెదిరిపోయేవాడు కాదు."

"అయితే మగ కోచ్‌నే పెట్టుకోండి. ఈ వ్యాను ఎక్కి రమ్మనండి. సరిహద్దు దాటకముందే దిగి పారిపోతాడు," అని ఫోను పెట్టేసింది.

ఇటలీ చివర ఉన్న ట్రియెస్తె దాటాక పెట్రోలు బంకు దగ్గర ఆపితే, లమియా దిగి తలుపు దభాలున వేసింది.

"నేను బస్సులో పోతా. నీతో రాను."

విల్దానా కూడా దిగింది. వెనక తలుపు తెరిచి లమియా స్కీ సంచులు ఒక్కొక్కటే నేల మీదికి ఈడ్చింది. "పో. ఇవన్నీ నీవేగా. మోసుకుని పో."

"నువ్వు భయపడ్డావు!"

"అవును, భయపడ్డా. అయితే ఏంటి?"

"భయపడాల్సింది నేను! పైన నిలబడింది నేను! అందరూ నన్ను చూసి, అయ్యో పాపం, బోస్నియా పిల్లకి ధైర్యం చాల్లేదు అనుకున్నారు. నీకేం పోయింది?"

ఫిక్రెత్ కాఫీ కప్పులు పట్టుకుని వచ్చాడు. "మీ అరుపులు అయ్యాక చెప్పండి. కాఫీ చల్లారిపోతోంది."

లమియా తనకన్నా పొడవైన సంచిని రోడ్డు దాకా ఈడ్చుకుపోయింది. అక్కడ బస్సు లేదు, ఆగే చోటూ లేదు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చి ఎక్కి కూర్చుంది. సంచులు ఫిక్రెతే మళ్ళీ సర్దాడు.

క్రొయేషియా దాటే చోట ఆ దేశపు సరిహద్దు అధికారి అన్నీ దింపమన్నాడు. స్కీలు చూసి పళ్ళికిలించాడు. "బోస్నియాకీ జట్టుందా? ఏమైనా గెలిచారా?"

"గెలవలేదు!" లమియా విరుచుకుపడింది. "దిగనే లేదు! మీ పని సంచులు చూడ్డం. చూసి పంపండి. మీ వెటకారాలు మీ ఇంట్లో చూపించుకోండి!"

అతని మొహం గట్టిపడింది. మైనం ముద్దలతో సహా ప్రతి వస్తువూ చప్టా మీద పరిపించాడు. సన్నటి వానలో ముగ్గురూ తడుస్తూ నిలబడ్డారు. అతను పడ్డ తిట్లు ఎవరికి రావాల్సినవో విల్దానాకు తెలుసు.

ఆ ఏడాది ప్రపంచ పోటీల జట్టులో లమియా పేరు రాలేదు. నెర్మిన్ కొత్త కోచ్ కోసం వెతికాడు గానీ, ఆ వ్యానులో తిరగడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

తర్వాతి పందెం బల్గేరియాలో. లమియా వస్తుందని విల్దానా అనుకోలేదు. ఫిక్రెత్‌తో కలిసి సామాను ఎక్కిస్తుంటే, ఆ పిల్ల బూట్లు భుజాన వేసుకుని వచ్చింది.

"అక్కా, ఒక్క మాట. వల లేదని నీకు పొద్దున్నే తెలుసు. అప్పుడే నాతో చెప్పాలి. పైకెక్కించి, జాకెట్ విప్పాక కాదు. నాకూ కళ్ళున్నాయి. నేనూ వచ్చి చూసేదాన్ని."

కట్టిస్తానని ఒరెస్తె మాటిచ్చాడు కదా అనబోయింది విల్దానా, కానీ పిల్ల అన్నది నిజం.

"సరే. ఇకమీదట చెప్తా."

"చెప్పినా నేను దిగుతాననొచ్చు."

"అను. అయినా ఆపుతా."

"అయితే అక్కడే కొట్లాడదాం."

"అలాగే."

లమియా సంచిని కావాల్సినదానికంటే గట్టిగా లోపలికి విసిరింది. ఫిక్రెత్ కాలు తప్పించుకుని తిట్టాడు. విల్దానా ఇంజను స్టార్టు చేసింది. బల్గేరియా దారి పట్టాక ఫిక్రెత్ మళ్ళీ టోపీ తీసి అద్దం తుడవడం మొదలుపెట్టాడు.